49 రోజుల సెలవులు.. మీ చేతిలో 180 గంటలు

ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా బడులకు వేసవి సెలవులు. లెక్కేస్తే 49 రోజులు. జూన్ 12న మళ్లీ గంట మోగుతుంది. ఈలోపు బేతంచెర్లలాంటి ఊళ్లో రెండో తరగతి అయిపోయి మూడుకు పోవాల్సిన పిల్లాడు ఎన్నిసార్లు పుస్తకం తెరుస్తాడు? సర్వే ఏమీ అక్కర్లేదు, ఓ పొద్దున మీ వీధిలోకి వెళ్లి నిలబడితే తెలిసిపోతుంది.

ఇది టీచర్లు, తల్లిదండ్రులు చూసుకోవాల్సిన సంగతి కదా, ఉద్యోగాల పేజీలో ఎందుకు అనుకుంటున్నారేమో. కారణం ఉంది. 2025 ఏప్రిల్ 20న మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. మొత్తం 16,347 పోస్టులు, అందులో సెకండరీ గ్రేడ్ టీచర్లవే ఆరు వేలకు పైగా. ఉమ్మడి జిల్లాల్లో ఎక్కువ ఖాళీలు కర్నూలువే. ఇంకో పక్క డిగ్రీ ఫస్టియర్ పూర్తిచేసిన ప్రతి విద్యార్థీ ఈ సెలవుల్లోనే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. 180 గంటలు, నాలుగు క్రెడిట్లు. అంటే ఒకే ఊళ్లో, ఒకే నెలన్నరలో, చదువు ఆగిపోయిన పిల్లలూ ఉన్నారు, చదువు చెప్పే ఉద్యోగం కోసం గదిలో కూర్చొని బిట్లు బట్టీ పడుతున్నవాళ్లూ ఉన్నారు, ప్రాజెక్టుకు ఏం టాపిక్ పెట్టుకోవాలా అని సీనియర్ల రికార్డులు వెతుకుతున్నవాళ్లూ ఉన్నారు. ఈ ముగ్గురూ ఒకరికొకరు ఎదురుపడరు. అదే అసలు సమస్య.

సెలవుల్లో నిజంగానే మర్చిపోతారా?

ఈ ప్రశ్న మీద అమెరికాలో వందేళ్లకు పైగా వాదన నడుస్తోంది. 1996లో హారిస్ కూపర్, ఆయన సహచరులు అంతవరకు వచ్చిన 39 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. వేసవి సెలవుల తర్వాత పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనక్కి పోతున్నారని, చదవడం కన్నా లెక్కల్లో ఈ నష్టం ఎక్కువని తేల్చారు. దీనికి ముందే, 1982లో బాల్టిమోర్‌లో కార్ల్ అలెగ్జాండర్, డోరిస్ ఎంట్‌విసిల్ ఒకటో తరగతి పిల్లలను ఎంచుకుని ఏళ్ల తరబడి వాళ్ల వెంటే నడిచారు. బడి నడిచే నెలల్లో పేద పిల్లలూ, ఉన్నవాళ్ల పిల్లలూ దాదాపు సమానంగానే నేర్చుకున్నారు. తేడా వేసవిలో వచ్చింది. ఉన్నవాళ్ల పిల్లలు సెలవుల్లోనూ కొంత ముందుకు పోయారు, పేద పిల్లలు ఉన్నచోటే ఆగిపోయారు. దీన్ని వాళ్లు కొళాయితో పోల్చారు. బడి ఉన్నన్నాళ్లూ కొళాయి అందరికీ వస్తుంది. సెలవుల్లో కట్టేస్తే, ఇంట్లో సంపు ఉన్నవాళ్లకే నీళ్లు. ఎండాకాలం కొళాయి సంగతి రాయలసీమ వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు!

అయితే ఈ మాటను కళ్లు మూసుకుని పట్టుకోకండి. పాల్ వాన్ హిపెల్ అనే పరిశోధకుడు 2019లో ఇదే విషయాన్ని తిరగదోడాడు. పాత పరీక్షల్లో మార్కులు వేసే తీరే ఆ తేడాను పెద్దగా చూపించిందని, కొత్త పరీక్షలతో చూస్తే వేసవి నష్టం అంత స్థిరంగా కనిపించడం లేదని, పేద, ధనిక పిల్లల మధ్య దూరం చాలావరకు బడిలో చేరకముందే ఏర్పడుతోందని వాదించాడు. రేపు గ్రూప్ డిస్కషన్‌లో ఎవరైనా ‘వేసవి నష్టం’ గురించి గట్టిగా మాట్లాడితే ఈ రెండో వైపు కూడా మీకు తెలిసి ఉండాలి.

మన దేశంలో సుదీర్ఘ సెలవు ఏం చేస్తుందో కొవిడ్ చూపించింది. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2021 ఫిబ్రవరిలో ఐదు రాష్ట్రాల్లో చేసిన అధ్యయనాన్ని విడుదల చేసింది. 44 జిల్లాలు, 1,137 ప్రభుత్వ బడులు, రెండు నుంచి ఆరో తరగతి వరకు 16,067 మంది పిల్లలు. ముందటి ఏడాది వచ్చిన భాషా సామర్థ్యాల్లో కనీసం ఒకటి పోగొట్టుకున్నవాళ్లు 92 శాతం. లెక్కల్లో 82 శాతం. అది ఏడాది మూత, ఇది 49 రోజులు. రెండూ ఒకటి కాదు, నిజమే. కానీ వాడని చదువు చేతిలో నిలవదనే సంగతి మాత్రం అక్కడ స్పష్టంగా తెలిసింది.

మర్చిపోవాలంటే ముందు వచ్చి ఉండాలి కదా

2025 జనవరిలో వచ్చిన అసర్-2024 నివేదిక చూడండి. దేశం మొత్తం మీద గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో ఇది 16.3. బాగుపడింది, సంతోషమే. కానీ ఇప్పటికీ నలుగురిలో ముగ్గురికి తమ కింది తరగతి పాఠం చదవడం రాదు. ఐదో తరగతిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 44.8 శాతమే.

అందుకే అమెరికా వాదనను ఇక్కడికి అలాగే దించుకుంటే తప్పుదారి పడతాం. మన పిల్లల్లో చాలామందికి సెలవు వల్ల పోయేది తక్కువ, ఎందుకంటే బడి నడిచినప్పుడు వచ్చిందే తక్కువ. మరి సెలవుల గురించి మాట్లాడటం ఎందుకు? ఎందుకంటే, సిలబస్ మెడ మీద కత్తిలా వేలాడని కాలం ఏడాదిలో ఇదొక్కటే.

దీనికి మంచి ఉదాహరణ బిహార్. 2008 జూన్‌లో అక్కడ ప్రథమ్ సంస్థ సాయంతో ప్రభుత్వ టీచర్లే నెల రోజులు వేసవి శిబిరాలు నడిపారు. పిల్లలను తరగతిని బట్టి కాకుండా, ఏం వచ్చో చూసి పాఠం చెప్పారు. చదవడంలో, లెక్కల్లో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. ఆ తర్వాత బడి మొదలయ్యాక అదే సామగ్రి, అదే శిక్షణ ఇస్తే? పెద్దగా తేడా రాలేదు. టీచర్లు మళ్లీ పాఠ్యపుస్తకం పూర్తి చేసే పనిలో పడిపోయారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం ఈ ప్రయోగాలన్నీ కొలిచింది. 2019లో మైఖేల్ క్రెమర్‌తో కలిసి వాళ్లిద్దరికీ అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చిందని మీరు జీకేలో చదివే ఉంటారు. పేర్లతో పాటు ఈ సంగతీ గుర్తుపెట్టుకోండి: టీచర్ మారలేదు, పిల్లలు మారలేదు. మారింది పని. సెలవుల్లో వాళ్లకు అప్పగించిన పని ‘పిల్లాడికి చదవడం నేర్పడం’. బడిలో అప్పగించిన పని ‘పాఠం అయిందనిపించడం’.

డిగ్రీ కూడా లేనివాళ్లు ఈ పని చేయగలరా అనే అనుమానానికి ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా జవాబు. అక్కడ ఊరి యువతీ యువకులే కొద్దిపాటి శిక్షణతో, జీతం లేకుండా చదివించే తరగతులు నడిపారు. ఏమీ చదవలేని స్థితిలో వచ్చిన పిల్లలు అక్షరాలు గుర్తుపట్టే అవకాశం, తరగతులు లేని ఊళ్ల పిల్లలతో పోలిస్తే 60 శాతం పాయింట్లు పెరిగింది. అయితే ఆ ఊళ్లలో శిబిరాలకు వచ్చిన పిల్లలు దాదాపు 8 శాతమే. నేర్పడం కన్నా పిల్లలను రప్పించడమే కష్టమన్నమాట.

బేతంచెర్లలో సెలవులంటే

ఇక్కడే మన ఊరి లెక్క పట్టించుకోవాలి. బేతంచెర్ల అంటే నాపరాయి. గనుల్లో బండ తీసేవాళ్లు, పాలిష్ ఫ్యాక్టరీల్లో కోసేవాళ్లు, లారీలకు ఎత్తేవాళ్లు, ఊరు చాలావరకు ఈ పని మీదే బతుకుతుంది. అమ్మానాన్నలు పొద్దున్నే పనికి పోతే ఇంట్లో ఉండేది పిల్లలు, లేకుంటే ఓ అవ్వ. పదేళ్ల ఆడపిల్ల చేతిలో రెండేళ్ల తమ్ముడు ఉంటాడు. ‘పాపను చదువుకోడానికి పంపమ్మా’ అని మీరు అడిగితే, ‘చంటోడిని ఎవరు చూస్కోవాల?’ అంటారు. తమ్ముణ్ని కూడా తీసుకురమ్మనడం తప్ప దీనికి వేరే జవాబు లేదు. రెండేళ్లోడు అల్లరి చేస్తే చేయనీండి, అక్క వస్తుంది కదా.

ఒక చట్టం సంగతి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదంటుంది. కానీ ఒక సందు వదిలింది. బడి వేళలు అయ్యాక, ‘సెలవుల్లో’, ప్రమాదం లేని సొంత కుటుంబం పనిలో సాయం చేయొచ్చు. సెలవులనే మాట చట్టంలోనే ఉంది. గనులు ఈ మినహాయింపులోకి రావు. 18 ఏళ్లు నిండనివాళ్లెవరినీ అక్కడ పెట్టుకోకూడదు. కానీ ఇంటి పని, చేను పని, చిన్న అంగడి పని అన్నీ ఆ సందులోంచి దూరిపోతాయి. జూన్‌లో బడికి తిరిగిరాని పిల్లల్లో కొందరి కథ మేలో ఇలాగే మొదలవుతుంది.

తిండి ఇంకో ముఖ్యమైన సంగతి. బడి నడిస్తే మధ్యాహ్న భోజనం ఉంటుంది, సెలవులిస్తే పోతుంది. అందుకే సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా పిల్లలకు భోజనం పెట్టాలని ఆదేశించింది. 2016లో స్వరాజ్ అభియాన్ కేసులో మళ్లీ అదే చెప్పింది, ఆ కేసులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మీ మండలం కరవు జాబితాలో ఉంటే ఈ మాట అడగొచ్చు. ఆకలిగా ఉన్న పిల్లాడికి గుణింతాలు ఎక్కవు, ఇది ఏ సైకాలజీ బిట్‌లోనూ రాదు.

ఇక కర్నూలు జిల్లా పడమటి మండలాలు, అంటే కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు వైపు చూస్తే లెక్క ఇంకా తారుమారు. అక్కడ చాలా కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి. పంట చేతికొచ్చే నెలల్లో, అంటే బడి నడిచే కాలంలోనే ఊళ్లో ఉండవు. ఉగాది నాటికి తిరిగొస్తారు, అప్పటికి బడి మూతపడే రోజులు. అలాంటి పిల్లలకు వేసవి సెలవే ఊళ్లో కుదురుగా ఉండే కాలం. వాళ్ల కోసం నడిపే సీజనల్ హాస్టళ్లు ఉన్నా, అమ్మానాన్నల వెంట పోయే పిల్లలు పోతూనే ఉన్నారు. మీది ఆ ప్రాంతమైతే, మీరు మేలో పెట్టే తరగతి ఆ పిల్లలకు ‘అదనపు’ తరగతి కాదు. ఏడాది మొత్తం మీద సరిగా దొరికే తరగతి అదొక్కటే కావచ్చు.

మరి మీరేం చేయగలరు?

పెద్దగా ఏమీ కొనాల్సిన పని లేదు. పొద్దున 7 నుంచి 9 వరకు, అంతే. నంద్యాల జిల్లాలో మే నెల 44, 45 డిగ్రీలు మామూలే, పదికి పిల్లలను ఇంటికి పంపకపోతే చదువు సంగతి అటుంచి వడదెబ్బ తగులుతుంది. గుడి మండపమో, వేపచెట్టు నీడో, హెడ్మాస్టర్ ఒప్పుకుంటే బడి వరండానో చూసుకోండి. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే ముందు అక్కడ కనుక్కోండి. గ్రంథాలయ సంస్థలు ఏటా వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతాయి, వాళ్లకు చదివించే మనుషులు ఎప్పుడూ తక్కువే.

మొదటి రెండు రోజులు పాఠం చెప్పకండి. ఒక్కో పిల్లాడినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించి చూడండి. అక్షరం వస్తుందా, మాట వస్తుందా, నాలుగు వాక్యాల పేరా వస్తుందా, చిన్న కథ వస్తుందా? లెక్కల్లో ఒకటి నుంచి తొమ్మిది గుర్తుపడతాడా, రెండంకెల సంఖ్య చదువుతాడా, అప్పు తెచ్చుకునే తీసివేత చేస్తాడా, భాగహారం చేస్తాడా? ఒక్కొక్కరికీ ఐదు, పది నిమిషాలు పడుతుంది. అసర్ వాళ్ల తెలుగు పరీక్ష పత్రం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాని ప్రకారం గుంపులు చేయండి. ఐదో తరగతి పిల్లాడు, రెండో తరగతి పాప ఒకే గుంపులో కూర్చోవచ్చు. పెద్దపిల్లలు సిగ్గుపడతారు, అప్పుడు తరగతి పేరు ఎత్తకుండా గుంపుకో పేరు పెట్టండి, సర్దుకుంటారు.

తెలుగులో పిల్లలు ఆగిపోయే చోటు దాదాపు అందరికీ ఒకటే, ఒత్తులు. ‘అమ’ దాకా వస్తారు, ‘అమ్మ’ దగ్గర నిలబడిపోతారు. కాబట్టి గుణింతాలు మొత్తం వరసగా వల్లె వేయించకుండా, వాళ్ల నోట్లో రోజూ ఆడే మాటలతో మొదలుపెట్టండి. బండ, బువ్వ, అవ్వ, అక్క, గడ్డపార, సుత్తి. పిల్లాడు చెప్పిన రెండు వాక్యాలను వాడు చెప్పినట్టే రాసి, వాడి చేతనే చదివించండి. ‘మా నాయన బండలు ఎత్తను పోయినాడు’ అని చెబితే ‘వెళ్లాడు’ అని దిద్దకండి. పుస్తకం తెలుగు తర్వాత నేర్చుకుంటాడు. ముందు అచ్చులో ఉన్నది తన మాటేనని తెలియాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, తండాల నుంచి వచ్చే పిల్లలు ఉంటే ఇది ఇంకా అవసరం. ఇంగ్లిష్ మీడియం కదా అని తల్లులు అడుగుతారు. మన పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్నవే; తెలుగు పేజీ చదివి, తర్వాత పక్క పేజీకి రమ్మనండి. చదవడానికి ఇంకేం లేదంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు వందలకొద్దీ ఉచితంగా ఉన్నాయి, ఒక్క ఫోన్ చాలు.

లెక్కలకు బేతంచెర్లను మించిన తరగతి గది లేదు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బండ ఒకటి నాలుగు చదరపు అడుగులు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గదికి ఎన్ని బండలు పడతాయి? 30 అని నోటి లెక్కన చెప్పే తాపీ మేస్త్రీలు ఈ ఊళ్లో ఎంతమందో. వాళ్ల పిల్లలకు పుస్తకంలో ‘వైశాల్యం’ అంటే భయం. ఒక మేస్త్రీని ఓ పొద్దున పిలిచి, పిల్లల ముందు ఆ లెక్క చేసి చూపించమనండి. అంచులు నునుపు చేసిన చిన్న బండముక్క, ఓ సుద్దముక్క ఉంటే పలక ఖర్చు కూడా లేదు. దగ్గర్లోనే బిల్లసర్గం గుహలున్నాయి. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించి పాతకాలపు జంతువుల ఎముకలు బయటపెట్టిన చోటు అది. ఐదు, ఆరు తరగతుల పిల్లలకు దీని గురించి చెబితే వినే ముఖాలు చూడాల్సిందే. గ్రూప్స్ రాసేవాళ్లకైతే ఇది సిలబస్ కూడా.

రెండు పనులు మాత్రం వద్దు. వచ్చే తరగతి పాఠాలు ముందే చెప్పేయడం ఒకటి. ఇప్పటికే పట్నాల్లో కొన్ని ప్రైవేటు బడులు సెలవుల్లోనే పదో తరగతి సిలబస్ మొదలుపెట్టేసి పిల్లలను ఎండలో తిప్పుతున్నాయి, ఆ జబ్బు మనకొద్దు. రెండోది, చెయ్యి చేసుకోవడం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ సంగతి డీఎస్సీ వాళ్లకు కంఠతా వచ్చే ఉంటుంది.

180 గంటలు ఎలా నిండుతాయి?

రోజుకు రెండు గంటల చొప్పున 40 రోజులు అంటే 80 గంటలు బోధనే. మిగతా వంద గంటలు ఎలాగూ ప్రాజెక్టు నియమాల్లో ఉన్నవే: మొదట ఇంటింటి సర్వే, అవగాహన కార్యక్రమాలు, లాగ్‌బుక్, చివర నివేదిక. సర్వే ఫారంలో ‘ఇంట్లో టాయిలెట్ ఉందా’ లాంటి పాత ప్రశ్నల పక్కన రెండు కొత్తవి చేర్చండి: సెలవుల్లో పిల్లలు పగలు ఎక్కడుంటారు, ఈ వారంలో ఏమైనా చదివారా. ముందుగా మీ మెంటర్ లెక్చరర్‌తో, బడి హెడ్మాస్టర్‌తో మాట్లాడి ఒప్పించుకోండి. పిల్లల తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి. నలుగురైదుగురు కలిసి చేస్తే, కనీసం ఇద్దరు అమ్మాయిలుంటే, తల్లులు ఆడపిల్లలను పంపడానికి వెనకాడరు.

నిజం చెప్పాలంటే, ఇప్పుడు చాలా ప్రాజెక్టు రికార్డులు ఇంటర్నెట్ సెంటర్‌లో పుట్టి అక్కడే బైండింగ్ అవుతున్నాయి. మార్కులు వాటికీ పడుతున్నాయి. కానీ రేపు ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’ అంటే అక్కడే దొరికిపోతారు. ‘22 మంది పిల్లలు వచ్చారు, మొదటి వారం పేరా చదివినవాళ్లు ఇంతమంది, చివరి వారం ఇంతమంది, మధ్యలో మానేసినవాళ్లు ఇంతమంది, ఎందుకంటే..’ అని చెప్పగలిగితే ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకు వంగుతారు. రెండేళ్ల గాంధీ ఫెలోషిప్, టీచ్ ఫర్ ఇండియా లాంటి వాటికి పోవాలనుకునేవాళ్లకు ఇది మరీ పనికొస్తుంది, వాళ్లు చూసేది సర్టిఫికెట్ల కన్నా ఇలాంటి పనినే.

డీఎస్సీ అభ్యర్థుల పరిస్థితి వేరు. 2025లో పరీక్షలు జూన్ 6 నుంచే మొదలయ్యాయి, అలాంటప్పుడు రోజుకు రెండు గంటలు కూడా బరువే. టెట్‌కు 20 శాతం, పరీక్షకు 80 శాతం వెయిటేజీ ఉన్నచోట ఒక్క మార్కు కోసం జీవితం అటూఇటూ అవుతుంది. మీరు 40 రోజులు చేయమని అడగడం న్యాయం కాదు. వారానికి ఒక పొద్దున చాలు. పిల్లాడు ‘52లోంచి 27’ తీసివేసి 35 అని ఎందుకు రాశాడో కళ్లారా చూస్తే, మెథడాలజీలో ‘లోప నిర్ధారణ, ప్రతికార బోధన’ మళ్లీ బట్టీ పట్టనక్కర్లేదు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశాడు, అంతే కదా. ఇక బీఈడీ చేసి ఎస్జీటీ పోస్టుకు దూరమైనవాళ్లకు, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీద కోపం ఉంటుంది. ప్రాథమిక తరగతులకు ప్రత్యేక బోధన నైపుణ్యం కావాలన్నది ఆ తీర్పు సారం. ఒక నెల ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చుంటే ఆ మాటతో మీరు ఏకీభవించొచ్చు, ఏకీభవించకపోవచ్చు, కానీ మీ అభిప్రాయం మీ సొంతదై ఉంటుంది.

ప్రభుత్వం చేయాల్సిన పనిని విద్యార్థుల నెత్తిన పెడుతున్నామా అనే ప్రశ్న న్యాయమైనదే. తమిళనాడు దీనికి ఒక దారి చూపింది. కొవిడ్ తర్వాత 2021 అక్టోబరులో ‘ఇల్లం తేడి కల్వి’, అంటే ఇంటి దగ్గరకే చదువు, మొదలుపెట్టి దాదాపు రెండు లక్షల మంది వలంటీర్లను సాయంత్రాలు పిల్లల దగ్గర కూర్చోబెట్టింది. నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనం ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, మారిసియో రొమెరో సుమారు 19 వేల మంది పిల్లలను పరీక్షించి చూశారు. బడులు తెరిచిన ఆరు నెలల్లో, పోయిన చదువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఆ కోలుకోవడంలో నాలుగో వంతు దాకా ఈ వలంటీర్ల వల్లే. వెయ్యి రూపాయలు పెద్ద మొత్తం కాదు. కానీ ఆ పనికి ఒక లెక్క, ఒక గుర్తింపు ఉన్నాయి. మన దగ్గర క్రెడిట్ల రూపంలో ఆ గుర్తింపు ఇప్పటికే కాగితం మీద ఉంది. విశ్వవిద్యాలయాలు, విద్యాశాఖ ఒకరితో ఒకరు మాట్లాడుకుని, సెలవులకు ముందే ఏ బడికి ఏ కాలేజీ అని జాబితా వేస్తే చాలు, కొత్త బడ్జెట్ కూడా అడగక్కర్లేదు. జిల్లా కలెక్టర్ స్థాయిలో అయ్యే పని ఇది. మీ కాలేజీ ప్రిన్సిపల్‌కు ఈ మాట రాతపూర్వకంగా ఇవ్వండి, వచ్చే ఏడాదికైనా కదులుతుంది.

ఈలోపు జూన్ 11 సాయంత్రానికి ఒక తెల్లకాగితం సిద్ధం చేసుకోండి. పిల్లల పేర్లు, మొదటి రోజు ఎక్కడున్నారు, చివరి రోజు ఎక్కడున్నారు, ఎన్ని రోజులు వచ్చారు. మధ్యలో ఊరు విడిచి పోయినవాళ్ల పేర్ల ఎదురుగా ఎక్కడికి పోయారో కూడా రాయండి. ఒక కాపీ మీ లాగ్‌బుక్‌లో పెట్టుకుని, ఇంకో కాపీ 12న పొద్దున ప్రార్థన అయ్యాక హెడ్మాస్టర్ చేతిలో పెట్టండి.